ప్రశాంతి మోసిన మాటలు

"పోయి మీ నాయనతో చెప్పు, సంగటి చల్లారిపోతాండాదని."

ఆ మాట అనేసి నేను మళ్లీ ఇత్తనం చెనిక్కాయలు వలుస్తా కూచున్యా. మా ప్రశాంతి లేచి వాకిట్లోకి పోయింది. ఆయన ఉండేది ఆ వాకిట్లోనే, పిలిస్తే పలికేంత దూరం. అయినా నేను పిలవను, ఆయన పలకడు. పోయిన ఎండాకాలం రెండో బోరు వేయించేటప్పుడు "ఆడ నీళ్లు పడవేమో" అని ఒక్క మాట అన్యా. పడలేదు. రాతిపొడి తప్ప తేమే రాలేదు. "దీని నోరు తగిలే బోరు ఫెయిలాయ" అన్యాడు మా ఆయన వెంకటేశులు, పదిమందిలో. మా అత్త నారాయణమ్మ ఊరుకుంటుందా? "మొగోడు పని మొదలుపెట్టేటప్పుడు ఆడది నోరు మూసుకోవల్ల" అనె. భూమిలో నీళ్లు లేకపోతే అది నా నోటి తప్పంట! ఆ పొద్దునుంచి ఆయన నాతో మాట్లాడేది మానుకున్యాడు. నాకు మాత్రం పౌరుషం లేదా? నేనూ మానుకున్యా. వంట మానలేదు, పేడ ఎత్తేది మానలేదు, కాయలు వలిచేది మానలేదు. మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, మొలక రాదు. అందుకే ఇత్తనానికి చేత్తోనే వలవల్ల. బొటనవేలు చీలి నెత్తురొచ్చినా ఎవురూ దాన్ని పని అనరు. కూచోని చేసేదే కదా అంటారు.

ఇంక ఆయన మాట నాకు, నా మాట ఆయనకు మోసేది ప్రశాంతి. పదో తరగతి పిల్ల.

ఈ మధ్య సాయంత్రమైతే దానికి కడుపునొప్పి. వాళ్ల నాయన బండి చప్పుడు వినబడితే చాలు, ముఖం పాలిపోతుంది. ఉరవకొండలో డాక్టరమ్మ చూసి, "కడుపులో ఏం లేదమ్మా. ఇంట్లో ఏమన్నా ఉండాదా?" అని అడిగె. "ఏముంటుంది మేడం, అందరం బాగుండాము" అని చెప్పొచ్చినా. పిల్ల పక్కనే కూచోని నన్నే చూస్తాండె.

నిజం చెప్పల్లంటే, నాకు ఈ మధ్య మనసు తేలిగ్గానే ఉండాది. ఆయన మెత్తబడినాడు. "వేలికి గుడ్డ కట్టుకోమన్యాడు నాయన" అని మొన్న చెప్పింది ప్రశాంతి. "చారు బాగుండాదన్యాడు" అని నిన్న. నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది, ఈ వయసులో! ఇంకొన్నాళ్లకు ఆయనే మాట కలుపుతాడులే అనుకున్యా.

ప్రశాంతి తిరిగొచ్చింది. "కాళ్లు కడుక్కోని వస్తాడంట మా. నిన్ను తినేయమన్యాడు."

అని, కడుపు పట్టుకోని అట్లనే కూలబడింది. చేట తోసేసి దగ్గరికి తీసుకున్యా. "ఏమైందే? ఏమన్యాడే మీ నాయన?"

"అట్ల అనలేదు మా." వెక్కిళ్లు పెట్టి ఏడుస్తాండాది. "ఎప్పుడూ అనలేదు. ఆయన అనేది చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు అనేది చెప్తే ఆయన యాడ కొడతాడోనని భయం. అన్నీ నేనే మార్చి చెప్తాండా. ఇంక నాకు మాటలు దొరకడంలేదు మా."

గుడ్డ కట్టుకోమన్నది నా కూతురా! దేవుడా, నేను తేలిగ్గా ఉండేదానికి ఈ బిడ్డ ఇంత బరువు మోసిందా? ఆయన నిజంగా ఏమన్యాడో దాన్ని అడగలేదు. కండ్లు తుడిచి, మంచం మీద పండబెట్టి, చెంబుతో నీళ్లు తీసుకోని నేనే వాకిట్లోకి పోయినా.

ఆయన నన్ను చూసి ముఖం తిప్పుకున్యాడు. లోపలికి చూసి కేకేసినాడు, "ప్రశాంతీ! మీ అమ్మకు చెప్పు..."

చెంబు ఆయన ముందర పెట్టినా.

"అది రాదు. ఏమనల్లనో నాతోనే అను."