గ్యాలరీలో ఢావ్లో

అఖిల సంచి సర్దుతుంటే నేను గడప మీద కూర్చొని చూస్తున్నాను. ఎవరు సంచి సర్దినా అలాగే చూస్తాను. లోపల ఏమేం పడుతున్నాయో చూస్తే మనిషి ఎంత దూరం పోతున్నదో తెలిసిపోతుందని నా పిచ్చి.

ఆకుపచ్చ జెండా మడిచి పెట్టింది. గొంతు పోకుండా మిరియాలు, పటికబెల్లం పొట్లం కట్టుకుంది. ఇవి ప్రతి ఆటకూ పోయేవే. ఆ తర్వాత రెండు జతల బట్టలు పెట్టింది. వాటి మీద ఒక స్వెట్టర్.

"ఒక్క పూట ఆటకు గిన్ని బట్టలెందుకే?"

"భూపాలపల్లి దూరం గద దాదీ. ఒర్రి ఒర్రి చెమటకు తడుస్త. అట్లనే కంపు గొట్టుకుంట బస్సుల కూసోమంటవా?"

"స్వెట్టర్ గూడ చెమటకేనా?"

నవ్వింది. "నువ్వు పోలీసోళ్ళల్ల ఉండాల్సింది దాదీ."

దాదీ అంటే మా లంబాడీ మాటలో నాయినను కన్నతల్లి. అఖిల నా కొడుకు ప్రేమ్‌చంద్ బిడ్డ. ఆమె తల్లి జమున, పిల్ల ఇంకా పాకుతుండగానే జ్వరమొచ్చి వరంగల్ దవాఖానకు పోయింది. ఆటో ఎక్కేటప్పుడు "పిల్ల ఏడుస్తది, జల్ది రా" అన్నాను. ఆటోలోంచి తల ఊపింది. శవమై వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా, మళ్ళీ వాకిట్లో కాలు పెట్టేదాకా నాకు ముద్ద దిగదు. డోర్నకల్‌లో రైలు ఆగిపోయిందంటే గార్ల పక్కన మా తండాలో నా ప్రాణం ఆగుతుంది.

అఖిల డిగ్రీ చదివింది మహబూబాబాద్‌లో. మేం దాన్ని మానుకోట అంటాం. అక్కడ మానుకోట ఎలెవెన్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. ఆటగాళ్ళు ఎంత ఆడేవాళ్ళో నాకు తెలియదు కానీ, వాళ్ళ వెంట తిరిగే జనానికి మాత్రం అరవడం తప్ప ఇంకేమీ రాదు. పాన్‌డబ్బా లచ్చయ్య డప్పు కొట్టేవాడు, మిగతావాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు ఒర్రేవాళ్ళు. ఒకరోజు అఖిల గ్యాలరీ మెట్ల మీద నిలబడి గొంతెత్తింది. తీజ్ పండుగకు పాడితే పక్క తండాకు వినపడే గొంతు అది.

"ఎవ్వలొచ్చిండ్రు?" అని ఆమె అడుగుతుంది. "మనోళ్ళొచ్చిండ్రు!" అని గ్యాలరీ అంతా అంటుంది.

"మట్టిల వడ్డదెవ్వలు?" "మనోళ్ళే!"

"మట్టి దులుపుకొని లేసిందెవ్వలు?" "మనోళ్ళే! మనోళ్ళే!"

అదే క్లబ్బు పాట అయిపోయింది. ఆట మొదలయ్యే ముందు అందరూ లేచి నిలబడి పాడతారు. అవతలి గోల్‌కీపర్ వాళ్ళ దిక్కు రాగానే ఇంకొకటి అందుకుంటుంది: "గోలీ అన్నా, చేతులేవే? కల్లు మండువల కుదువ వెట్టి వచ్చినవా?" పాపం ఆ పిల్లగాడు ఒకసారి చేతులు చూసుకున్నాడు. చూసుకునేలోపే గోల్ పడింది.

ప్రేమ్‌చంద్‌కు ఇదంతా నచ్చలేదు. "మొగపోరగాండ్ల నడుమ ఎగురుతవా? దాదీని ఎంట తోల్కపోతే పో, లేకుంటే ఇంట్ల కూసో" అన్నాడు. నేను రానంటాననుకున్నాడు. ఇంట్లో కూర్చొని దారి చూడటం కంటే వెంట పోయి కళ్ళారా చూసుకోవడమే నాకు సుఖం. అట్లా ఈ వయసులో నేను ఫుట్‌బాల్ గ్యాలరీలెక్కాను. ఒడిలో పల్లీలు పెట్టుకొని, చెవుల్లో దూది పెట్టుకొని కూర్చునేదాన్ని. "దాదీ వచ్చిందంటే గెలుసుడు పక్కా" అని లచ్చయ్య నాకు ముందు వరుసలో తువ్వాల పరిచేవాడు.

జనగామలో ఆట నాకు బాగా గుర్తుంది. ఆ రోజు జనగామవాళ్ళు ఓడారు. ఎర్రచొక్కాలవాళ్ళంతా తలలు వంచుకొని లేస్తున్నారు. అప్పుడు అఖిల ఒక రాగం తీసింది. అది ఢావ్లో.

పెండ్లి చేసుకొని పోయే పిల్ల మాలో ఏడుస్తూ పాడేది ఢావ్లో. తండాలో పెద్దవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టి పాడుతుంది. ఆ పెద్దమనిషి కూడా ఆ రాగంలోనే ఏడ్చి, పోయిరమ్మని పంపాలి. జవాబు వచ్చేదాకా పిల్ల మెడ వదలదు. పెండ్లి లేకుండా దాన్ని ఉత్తగా నోట తీసినవాళ్ళను నేను ఎన్నడూ చూడలేదు. అఖిల ఆ రాగం పట్టుకొని ఓడినవాళ్ళ మీదికి వదిలింది:

"పోతున్నవా బిడ్డా, అత్తింటికి పోతున్నవా

ఎనకకు జూడకు బిడ్డా, కప్పు కనబడదిగ"

గ్యాలరీ పగలబడి నవ్వింది. లచ్చయ్య డప్పు దెబ్బ నెమ్మది చేశాడు. ఇంత జనం నవ్వుతూ ఆ రాగం పాడుతుంటే నేను అత్తింటికి పోయిననాడు మా అమ్మ నా వీపు మీద వేసిన చెయ్యి గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాను.

"గది నవ్వులాట పాట గాదే" అన్నాను కిందికి దిగాక.

"నాకు తెల్సు దాదీ. ఏడ్సే పాటైతెనే ఓడినోనికి తగుల్తది. తిట్లైతే అందరు తిడ్తరు."

అప్పుడే ఎర్రచొక్కాలలోంచి ఒక పిల్లగాడు వెనక్కి తిరిగాడు. "ఓ పాటల పిల్లా! అత్తింటికి తోలుతున్నవ్ సరే, గాజులన్న వెట్టి తోలరాదు?"

"నీ చేతులకు సైజు దొరకాలె గద బావా!" అంది అఖిల.

అందరితోపాటు వాడు కూడా నవ్వాడు. తన మీద వేసిన మాటకు అంత హాయిగా నవ్వే మనిషిని చూసి నేను భయపడ్డాను. వాడి పేరు గౌతమ్ అని, జనగామలో పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటి పిల్లగాడని తర్వాత తెలిసింది. ఎర్రచొక్కాతోనే మా ఆటలకు రావడం మొదలుపెట్టాడు. మావాళ్ళు "బావొచ్చిండు, బావొచ్చిండు" అని పాట కట్టారు.

ఆ చలికాలం ప్రేమ్‌చంద్ బయ్యారం దగ్గరి తండాలో సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. అఖిల వద్దంది. తన మనసులో ఉన్నది గౌతమ్ అని కూడా చెప్పింది. నా కొడుకు అన్నం ముందు నుంచి లేచాడు.

"ఆళ్ళు మనల్ని ఇంట్లకు రానిస్తరే? వాకిట్ల నిలవెట్టి మాట్లాడ్తరు. అయినా పోతనంటే పో. గడప దాటినంక నా బిడ్డవు గావు. మల్ల వచ్చి ఏడ్సినా తలుపు తియ్య."

నేనే ఇద్దరి మధ్యా తిరిగాను. వాడు ఊరికే అనే మనిషి కాదని నాకు తెలుసు. పిల్ల పోయిందంటే ఇక రావడమనేది ఉండదు. ఒక్క ధైర్యం మాత్రం పెట్టుకున్నాను. మా పిల్ల ఎంత చదువుకున్నా, ఎంత తెగించినా, ఢావ్లో పాడకుండా ఇల్లు విడవదు. నా మెడ మీద ఏడవకుండా అఖిల పోదు. ఇంకా ఏడవలేదు కాబట్టి ఇంకా పోవడం లేదు. ఆ రోజు సంచిలో రెండు జతల బట్టలు చూసి కూడా నేను ఆమె వెంట బస్సెక్కింది ఈ నమ్మకంతోనే.

భూపాలపల్లి బొగ్గు ఊరు. రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా నల్లగా ఉన్నాయి. అక్కడి క్లబ్బువాళ్ళు గని టోపీలు పెట్టుకొని, ఖాళీ డబ్బాలు కొడుతూ పాడారు: "భూమి కిందికెల్లి వచ్చినం, భూమి మీద ఆగుతమా!" వాళ్ళ పాట కూడా బాగుంది. ఆ మాట అంటే లచ్చయ్య నా మీద అలిగాడు.

కప్పు ఆఖరి ఆట అది. మధ్యాహ్నమంతా గోల్ లేదు. అఖిల ఒక్క క్షణం కూర్చోలేదు. గొంతు బొంగురుపోయినా పాడుతూనే ఉంది. చివర్లో మావాళ్ళు ఒకటి కొట్టారు. విజిల్ పడగానే గ్యాలరీ మొత్తం మీద పడ్డట్టయింది. మొగవాళ్ళు చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు. లచ్చయ్య ఏడుస్తూనే డప్పు కొడుతున్నాడు. ఓడినవాళ్ళ మీదికి అందరూ ఆ పాటే అందుకున్నారు. పోతున్నవా బిడ్డా, అత్తింటికి పోతున్నవా.

అఖిల మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. నా మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టి పాడింది. చెవి పక్కనే డప్పు. మాటలు నాకు వినపడలేదు. రాగం వినపడింది. ఆమె కన్నీళ్ళు నా రవికె లోపలికి కారుతున్నాయి. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, ఈమెదీ గెలిచిన ఏడుపే అనుకున్నాను. పిల్లలు ఫోన్లు పెట్టి తీస్తున్నారు. "దాదీ, నువ్వు గూడ పాడాలె!" అని ఎవరో అరిచారు. పవిత్రమైనదాన్ని నా మెడ మీద కూడా నవ్వులాట చేస్తున్నదని నాకు కోపం వచ్చింది.

"సాలు తియ్యవే. అందరు నవ్వుతున్నరు."

వదలలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. పాడడం ఆపి, ఊరికే అట్లా ఉంది.

"గొంతు వోయింది నీకు. పోయి నీళ్ళు తాగు" అన్నాను. చేతులు విడదీశాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఏదో అంటుందనుకున్నాను. సంచి భుజానికి తగిలించుకొని మెట్లు దిగింది. గేటు దగ్గర ఆకుపచ్చ జెండాల నడుమ ఒక ఎర్రచొక్కా కనపడింది. నీళ్ళకే పోతున్నదనుకొని నేను పల్లీల పొట్టు దులుపుకున్నాను.

బస్సు దగ్గర అందరూ ఎక్కారు. అఖిల రాలేదు. ఫోన్ చేస్తే మోగలేదు. లచ్చయ్య గ్రౌండంతా తిరిగొచ్చి, కప్పు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. బస్సు నడిచినంతసేపు ఎవరూ పాడలేదు.

తండాకు వచ్చేసరికి ప్రేమ్‌చంద్‌కు కబురు అందింది. లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. తండా పెద్ద, నాయక్ సక్రు మా వాకిట్లోకి వచ్చాడు. నా కంటే పెద్దవాడు.

"ఢావ్లో పాడకుంటనే పోయిందా మంగ్లీ?"

"పాడలేదన్నా" అనబోయాను. అప్పుడు తెలిసింది.

"పాడింది" అన్నాను.

"మరి నువ్వు జవాబిచ్చినవా?"

నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఆ రాగం తీయబోతే గొంతులోంచి రాలేదు. సక్రు నా తల మీద చెయ్యి పెట్టి, వెళ్ళిపోయాడు.

తర్వాత జనగామ పోయాను. గౌతమ్ తల్లి అరుంధతి గేటు లోపలే నిలబడి మాట్లాడింది. "మా పిల్లగాడు సక్కగ సదువుకునెటోడు. నీ మనుమరాలి పాటలు మా కొంప ముంచినయ్. నువ్వు పెద్దదానివి ఎంట ఉండి గూడ జూడకపోతివి."

"ఫోనన్న జేసిండా అమ్మా?"

ఆమె మొహం తిప్పుకుంది. "చేస్తే నీకు జెప్తనా?" అంది. కానీ గొంతు అప్పటికే విరిగింది. వాడు ఆమెకూ చేయలేదు. చాలాసేపు గేటుకు ఈవల నేను, ఆవల ఆమె ఏడ్చాం. గేటు తీయలేదు.

ఆ తర్వాత కూడా నేను ఆటలకు పోయాను. పాట వినపడితే ఆ పిల్ల ఆగలేక వస్తుందని నా ఆశ. మానుకోటలో, జనగామలో, భూపాలపల్లిలో, గెలిచినప్పుడల్లా అందరూ ఆ రాగం పాడతారు. ఇప్పుడు కొత్త పిల్లలు పాడుతున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకు తెలియదు. నేను దూది తీసేసి, ఆ గొంతులన్నిట్లో ఒక గొంతు కోసం వింటాను. లచ్చయ్య ఇప్పుడు నా పక్కన కూర్చొని డప్పు కొట్టడు, దూరంగా పోయి కొడతాడు. పోయిన ఏడు నేను ఆట నుంచి వచ్చేసరికి ప్రేమ్‌చంద్ మొదటిసారి తనే గడియ తీసి, "ఏమన్న ఎరుకైందా?" అని అడిగాడు. లేదన్నాను.

అఖిల తిరిగి రాలేదు. గౌతమ్ తిరిగి రాలేదు. వాళ్ళు భూపాలపల్లి గ్రౌండ్ గేటు దాటి పోయింది 2023 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం సాయంత్రం.