ఎత్తని చేతులు

మగ్గాల హాల్లో నోటితో మాట్లాడితే పక్క మనిషికి కూడా వినపడదు. అందుకే మా నేతగత్తెలు చేతులతో మాట్లాడుకుంటారు. ఆ మధ్యాహ్నం నా మొగుడు తిమోఫేయ్ మగ్గాల వరస చివర నిలబడి, రెండు అరచేతులూ తలపైన ఇంటికప్పులా కలిపి, ఆ తర్వాత గాలిలో తాళంచెవి తిప్పాడు. నాకు అర్థమయ్యేలోపే వరసంతటికీ అర్థమైపోయింది. దారాలు ముడేస్తున్న ఆడవాళ్ళు నావైపు తిరిగి నవ్వారు. ఒకామె దిండు మీద తల వాల్చినట్టు సైగ చేసి కన్నుకొట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మాకు గది వచ్చింది!

పెళ్లయి నెల కాలేదు. అప్పటిదాకా నేను ఆడవాళ్ళ గదిలో, తను మగవాళ్ళ గదిలో. మొగుడితో టీ తాగాలంటే గుమ్మంలో కాపలా ముసలమ్మని బతిమాలుకోవాలి. ఇప్పుడు ఫ్యాక్టరీ హాస్టల్ నాలుగో అంతస్తులో, ఉమ్మడి వంటగది పక్కన, మా గది! భోజన విరామంలో పరుగున వెళ్ళి చూశాం. కిటికీ సరిగ్గా మూసుకోదు. నీళ్ళగొట్టం గుర్రుపెడుతుంది. ఆ గుర్రు కూడా మాదేనని గంతులేశాను. ఎవరో వదిలేసిపోయిన ఎనామిల్ కప్పు దొరికితే అందులోనే వంతులేసుకుని టీ తాగాం.

"రాజభవనం!" అన్నాడు తిమోఫేయ్.

"అయితే నువ్వు జార్‌వా?"

"వద్దు తల్లీ. ఈ దేశంలో జార్లకి ఏం గతి పట్టిందో తెలుసుగా."

ఆ సాయంత్రం షిఫ్టు దిగగానే అందర్నీ క్లబ్బు హాలుకి రమ్మన్నారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక అది రెండో వసంతం. వేదిక మీద తన ఆఫీసు మనుషులతో వదీమ్ కొంద్రాతిచ్ ప్లూగిన్ కూర్చున్నాడు. నా చిన్నప్పుడు అతను మా ఫ్యాక్టరీ పార్టీ కార్యదర్శి. తర్వాత డైరెక్టరు. దేశం మీద జెండా మారిన రోజు కోటుకున్న ఎర్ర బ్యాడ్జి పీకి సొరుగులో వేశాడు కానీ కుర్చీలోంచి మాత్రం లేవలేదు. ఇప్పుడు 'సంస్థ అధ్యక్షుడు' అట. అతని వెనక గోడ మీద నాయకుల పటాలు ఒకదాని తర్వాత ఒకటి వేలాడిన చోట వెలిసిపోని చదరం ఒకటి మిగిలింది. ఏ పటం కింద కూర్చున్నా అతని మాట ఒకటే: పైవాళ్ళు నిర్ణయించారు, మీరు ఆమోదించండి.

"కామ్రే..." అని నాలుక కరుచుకున్నాడు. "పెద్దమనుషులారా!"

"పెద్దమనుషులట! నా బూటు అడుగు ఊడింది చూడవయ్యా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ప్లూగిన్ వినిపించుకోలేదు. గబగబా చదివాడు. "కార్మికుల నివాస పరిస్థితుల మెరుగుదలను దృష్టిలో పెట్టుకుని, హాస్టల్ భవనాన్ని 'ప్రభాతం' కంపెనీకి బదిలీ చేసే తీర్మానానికి ఎవరు అనుకూలం?"

చేతులు లేచాయి. అది మా జబ్బు. 'ఎవరు అనుకూలం' అన్న మాట చెవిన పడిందంటే మోచెయ్యి దానంతటదే లేస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, బంగాళాదుంపల నాట్ల గురించి పక్కవాళ్ళతో వాదిస్తూ ఎత్తేస్తాం. ఎందుకెత్తామో ఇంటికెళ్ళాక కూడా ఆలోచించం.

నా చెయ్యి లేవలేదు. ధైర్యం వల్ల కాదు. అది తిమోఫేయ్ కోటు జేబులో, తన చేతిలో ఉంది.

"ఏకగ్రీవం..." అంటూ ప్లూగిన్ ఆగాడు. "అక్కడ, ఆ కొత్త జంట! వ్యతిరేకమా?"

తిమోఫేయ్ కంగారుగా జేబులోంచి చెయ్యి తీశాడు. దాంతోపాటు నాదీ వచ్చింది. హాలు గొల్లుమంది.

"వాళ్ళ సభ వేరే నడుస్తోందిలే, వదిలెయ్!"

నా మొహం మండిపోయింది. కానీ ఆ నవ్వు ఆగేలోపు అతను చదివిన వాక్యం నాకు మళ్ళీ వినిపించింది. హాస్టల్. కంపెనీ. బదిలీ. లేచి నిలబడ్డాను.

"బదిలీ అయ్యాక మేం అక్కడ ఉండొచ్చా?"

"అది కొత్త యజమాని చూసుకుంటాడు. అక్కడ హోటల్ కడతారు, వ్యాపారులు వస్తారు, ఊరు బాగుపడుతుంది."

"మరి అందులో ఉన్న కుటుంబాలు?"

"నువ్వు చదువుకున్న పిల్లవి రీమ్మా. మార్కెట్ అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా?"

ఎవరూ నవ్వలేదు. ఇంకా గాలిలో ఉన్న చేతులు ఒక్కొక్కటే, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు, కిందికి దిగాయి.

అప్పుడు ఆల్యా అత్త లేచింది. నాకు మగ్గం పని నేర్పిన మనిషి.

"కూర్చో అలెవ్తీనా ప్రోహరొవ్నా. ఓటు అయిపోయింది," అన్నాడు ప్లూగిన్, అత్తని పూర్తి పేరుతో పిలిచి.

"నా నోరు అవలేదు. మా అమ్మ స్టాలిన్‌కి చెయ్యెత్తింది. ఆయన పోయాక ఆయనవి తప్పులన్నారు, దానికీ ఎత్తింది. నేను క్రుశ్చేవ్‌కి ఎత్తాను. ఆయన్ని దించేశారు, మంచిపనేనని మళ్ళీ ఎత్తాను. బ్రెజ్నెవ్‌కి ఎత్తీ ఎత్తీ భుజం పోయింది. ఆ తర్వాత ఇద్దరు ముసలాళ్ళు, చెయ్యి దించేలోపే పోయారు. గోర్బచేవ్ మార్పన్నాడు, ఎత్తాం. యెల్త్సిన్ స్వేచ్ఛన్నాడు, ఎత్తాం. అన్నిసార్లూ అక్కడ కూర్చుని మా చేతులు లెక్కెట్టింది నువ్వూ నీలాంటివాళ్ళే. ఈ చేతులకి ఏం మిగిలిందిరా వదీమ్? ఆ గదులేగా! అవి కూడా మా చేత్తోనే లాక్కుంటావా?"

"మళ్ళీ అడుగు! ఓటు మళ్ళీ పెట్టు!" హాలంతా అరుపులు.

ప్లూగిన్ చిరునవ్వు నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆ చేతులు అతనికి ఎదురు తిరిగింది లేదు. "సరే. అరుపులు వేరు, ఓటు వేరు."

ఆల్యా అత్త వేదికకి వీపు తిప్పి, రెండు చూపుడువేళ్ళూ కొక్కేల్లా కలిపింది. తెగిన పోగుని పక్క పోగుతో ముడెయ్యమని మగ్గాల దగ్గర చేసే సైగ అది. తర్వాత పక్కనున్న నా ఎడమ చెయ్యి అందుకుంది. కుడిది తిమోఫేయ్ చేతిలోనే ఉంది. సైగ వరస నుంచి వరసకి పాకింది, అందరూ పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. ప్లూగిన్ ఏ రోజూ మగ్గం దగ్గర నిలబడినవాడు కాదు. దోమలు తోలుకుంటున్నామనుకున్నాడేమో.

"ఎవరు అనుకూలం?"

అత్త చెయ్యి అలవాటుకొద్దీ ఒక్కసారి ఎగిరిపడింది. గట్టిగా అదిమి పట్టాను. తనూ నన్ను అదిమింది. హాలు పొడవునా ఆ ఎగిరిపాటు, ఆ అదుముడు నాకు తెలుస్తూనే ఉంది. లేచిన చేతులు వేదిక మీదవే. సమష్టి అన్న మాటని వాళ్ళు మా దగ్గర దొంగిలించి మా మీదే వాడారు. దాని అసలు బరువు ఎంతో ఆ నిమిషంలో నా రెండు చేతులకీ తెలిసింది.

ప్లూగిన్ మొహం నల్లబడింది. "మీ ఓటు లాంఛనం. సంతకాలు ఎప్పుడో అయిపోయాయి. రేపు కంపెనీ మనుషులొచ్చి తాళాలు మారుస్తారు. నీకు గది ఇచ్చిందెవరో, వాళ్ళ సంగతీ చూస్తాను!" అని నావైపు వేలు చూపించి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఎవరూ ఇంటికి పోలేదు. క్లబ్బు ముందు ఆవరణలో గుమిగూడాం. ఇంకా వెలుగుంది.

"పోలీసుల్ని తెస్తాడు," అన్నారొకరు.

"మాస్కోకి రాద్దాం. దేశాధ్యక్షుడికి."

"ఏ అధ్యక్షుడికి? ఉత్తరం చేరేలోపు మారిపోతాడు! పైన ఎవరొచ్చినా ఇక్కడికొచ్చేసరికి వీడే కదా!"

"అయితే ఏం చేద్దామే ఆల్యా?"

ఆల్యా అత్త తలగుడ్డ బిగించి కట్టుకుంది. "రేపు రెండో షిఫ్టు వాళ్ళు పిల్లలతో సహా హాస్టల్ గుమ్మంలో ఉంటారు. ఒక్క తాళం మీద కూడా వాళ్ళ చెయ్యి పడకూడదు. మొదటి షిఫ్టు మగ్గాలు తిప్పదు. నేరుగా ప్లూగిన్ గదికి పోతాం. ఆ సంతకాలు చింపేదాకా అక్కడే కూర్చుంటాం. ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకు రండి, వాడు మనల్ని ఏనాడూ కూర్చోమనలేదు."

"మాకింకా కుర్చీ లేదత్తా," అన్నాను.

"ఒళ్ళో కూర్చోవే! అదీ నేనే చెప్పాలా?"

ఆవరణంతా నవ్వింది. తిమోఫేయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి," అంది అత్త మా ఇద్దరికేసి వేలు ఊపుతూ. "ఆలస్యం చేశారో, నాలుగో అంతస్తుకొచ్చి మీ తలుపు బాదుతాను."