తండ్రిగారి కొమ్ముకొలత

హేమంతర్తువు. ప్రాలేయబిందుసందోహభారమునఁ దలలు వాల్చిన వలిసెపూల చేలు లోయ పొడవునను నలుగు పెట్టుకొనిన పెండ్లికూఁతుండ్రవలె మెఱయుచుండ గిరిశిఖరాంతరాళసంచారమందములగు మంచుతెరలు బాలభానుకిరణస్పర్శచే నొక్కటొక్కటిగాఁ దొలఁగిపోవుచుండ భీమగిరి సంస్థానపు వేఁటవిడిది మెల్లమెల్లగా మేల్కొనుచుండెను. ఇంతటి శోభకు మచ్చవలె నగాధమగు లోయకావలి కొండచఱియమీఁద నొక యడవిదున్న నిలిచియుండెను. దాని క్రిందిదవడ విఱిగి వ్రేలాడుచుండెను.

చిన్నదొరవారు దూరమును సరకుసేయక యుబలాటమునఁ బేల్చిన గుండు గుండెకుఁ దగులక దవడకుఁ దగిలినది. ప్రభువుల వేడుక యట్లుండును; బాధ పశువుపాలు. కాళ్లకడఁ బచ్చిక పుష్కలముగా నుండియు నమలనేరక యా మహోక్షము నానాఁటికిఁ గృశించుచుండ దరిఁజేరఁబోవువారికి నిలువుకొండ త్రోవ యీయకుండెను. లోయ యీవలినుండియే తప్పని గుఱితో నొక్క గుండు వేసి దాని యాతన తీర్పవలయునని తుపాకులకొట్టు పెద్దయగు కూర్మన్న పూనుకొనెను.

కూర్మన్న మితభాషి. తండ్రి యప్పన్ననాఁటినుండియు నా యింటివారే దొరలకుఁ దూటాలు కట్టుచుండిరి. తల్లి ప్రసవించి కన్నుమూసిననాఁడు నెత్తుటిగుడ్డుగానున్న తమ్ముఁడు సింహాద్రిని గొంగళిలోఁ జుట్టి మేఁకపాలు పోసి బ్రదికించినవాఁ డతఁడే. బిడ్డలు లేని కూర్మన్నకుఁ దమ్ముఁడే కొడుకు. విశాలవక్షుఁడును వెన్నవంటి మనసు గలవాఁడునగు నా సింహాద్రికిఁ గడచిన వేసవిలో నచ్చియ్యమ్మ నిచ్చి పెండ్లిచేయఁగా నన్నాళ్లు మూఁగపోయిన యా యింట మరల నవ్వులు వినవచ్చెను.

అప్పన్న కాలమునఁ దూటాలలోఁ బోసినది పొగలు గ్రక్కు పాతమందు. దానిని గొలుచుటకు దున్నకొమ్ము తొలిచి చేసిన చిన్నకొలత యొకటి యుండెను. నిండ ముంచి యంచువెంట వ్రేలితో రాచి పోసినచో నేనాఁడును గుఱి తప్పియెఱుఁగదు. ఇప్పుడు సముద్రముమీఁదుగా దిగిన పొగలేని మందు వేఱు. చూపునకుఁ జిటికెఁడు, బలమునఁ బిడుగు. కొమ్మునిండ దీనిని బోయుటయనఁగాఁ దుపాకిలో మృత్యువును గూరుటయే. ఈ మర్మమెఱిఁగిన కూర్మన్న కంసాలివాని సన్నత్రాసు తెచ్చుకొని యొకప్రక్క గురిగింజలుంచి మిక్కిలి తక్కువ తూఁకముతో నారంభించి కాల్చిన పిమ్మట నిత్తడితొడుగును వెలుఁగున కెత్తి చూచి బీటగాని యుబ్బుగాని లేదని రూఢిచేసికొని యెదుటిబండమీఁది సున్నపుబొట్టునకు గుండ్లెంత చేరువఁ బడుచున్నవో యరసి యప్పుడొక్క గింజయెత్తు పెంచును. ఆలస్యమైన నమృతము విషమగునందురు గాని యీ పనిలోఁ దొందరయే విషము.

ఆ కొట్టున నప్పన్ననాఁటి కట్టుబాట్లు రెండుండెను. మందు కొలుచువేళ నెవ్వరును బలుకరాదు. క్రొత్తగాఁ గట్టిన తూటాలలో మొదటిదానిని గట్టినవాఁడే కాల్చి చూడవలెను. పిమ్మటనే యితరుల చేతి కీయవలెను.

తండ్రిగారి కొమ్మును మాత్రము కూర్మన్న పాఱవేయలేదు. తండ్రి చేతిచెమటకు నునుపెక్కిన వస్తువది. గడచిన దసరానాఁటి యాయుధపూజలోఁ బసుపు పూసి కుంకుమబొట్టు పెట్టి దానిని పీఁటమీఁదఁ గ్రొత్తమందు డబ్బాప్రక్కనే నిలిపెను. పూజ ముగిసిన పిమ్మటను నది యచ్చటనే యుండిపోయెను.

ఒకనాఁడు సింహాద్రి యడిగెను. “అన్నా! నాన్న కొమ్ముకేమి కీడు వచ్చినదని కంసాలి త్రాసుతో నింత కుస్తీ పట్టుచున్నావు?”

“ముసలిదైనది. కొన్నాళ్లు విశ్రాంతి తీసికోనీయరా” యని కూర్మన్న నవ్వి త్రాసు చేతఁబట్టెను. త్రాసు లేచినది గనుక మాటలు ముగిసినవి. తండ్రి చేయి నిమిరిన కొలత నేఁడు ప్రాణాంతకమని తన నోటితోఁ బలుకుటకుఁ గూర్మన్నకు మనసొప్పలేదు. ఒక్కమాటతోఁ దీఱిపోవలసినది.

నెలపొడుపునకుఁ గూర్మన్నను మన్యపుజ్వరము పడవేసినది. గొంగళ్లు కప్పినను దంతములు టకటకలాడుచుండ నతఁడు పలవరించిన దొక్కటియే. “ఆ మూఁగజీవి యింకను నిలిచియున్నదా తమ్ముఁడా?”

నిలిచియే యున్నది. ప్రక్కటెముకలు లెక్కింపవచ్చునట్లు నిలిచియున్నది. అన్న పలవరింతయు దున్న యాతనయు నొక్కమాఱుగా సహింపలేక సింహాద్రి వేకువనే కొట్టునకుఁ బోయెను. అన్న కట్టిన పరీక్షతూటాలన్నియు నయిపోయి ఖాళీతొడుగులు మాత్రమే మిగిలియుండెను. త్రాసు వానికి నేర్పినవారు లేరు. కొమ్ము పీఁటమీఁదఁ బసుపుతో మెఱయుచుండెను. దానిని గన్నుల కద్దుకొని డబ్బాలో ముంచెను.

తూటాలు కట్టి సింహాద్రి లేవఁగా గుమ్మమున నిలిచిన యచ్చియ్యమ్మ “బావగారు లేచువఱకు నాగరాదా?” యనెను.

“నాన్న కొలత యేనాఁడైనఁ దప్పినదటే? అన్న లేచునప్పటికి దున్న నొప్పి తీఱియుండవలె” నని సింహాద్రి నవ్వుచు వెడలెను.

కట్టుబాటు తప్పలేదు. కట్టినవాఁడు గనుక మొదటి తూటా తానే సున్నపుబొట్టుమీఁద గుఱిపెట్టెను.

పుట్టినదాదిగాఁ దుపాకిమ్రోఁతలు విన్న చెవికి నది తుపాకిమ్రోఁత కాదని తెలిసినది. జ్వరతప్తుఁడగు కూర్మన్న గొంగళ్లు త్రోసివైచి పడుచు లేచుచుఁ బరుగెత్తెను. గొట్టపుమూలము చీలిన తుపాకి యొకచోట, సింహాద్రి యొకచోట వలిసెపూలలోఁ బడియుండిరి. తల యొడిలోనికిఁ దీసికొనఁగా “అన్నా” యన్న పిలుపొక్కటి వచ్చి యాఁగిపోయినది. గొంగళిలోని పసికందునాఁడు మోసిన తల యదియే. లోయకావల దున్న యా మ్రోఁతకుఁ దలయెత్తి చూచి మరల నమలలేని పచ్చికమీఁదికి మోర వాల్చెను.

పెద్దకర్మ ముగిసిననాఁ డచ్చియ్యమ్మ వచ్చి స్తంభము చాటున నిలిచెను. “బావగారూ! మామగారి కొమ్ము తప్పు కొలిచినదా?”

“లేదమ్మా. కొమ్ము సరిగానే కొలిచినది. మందు మాఱినదని నేను వానికిఁ జెప్పలేదు” అని పలికి కూర్మన్న పసివానివలె భోరున నేడ్చెను. ఆమె తిట్టియున్నను గొంత బాగుండెడిది. కన్నీళ్లు తుడుచుకొని లోపలికిఁ బోయి యతనికి గిన్నెతో నంబలి తెచ్చి పెట్టెను.

దున్న యెప్పుడు కూలెనో యెవ్వరును జూడలేదు. ఒకనాఁడు చఱియమీఁద గ్రద్దలు తిరిగెను.

మరుసటి దసరాకుఁ గొమ్ము యథాప్రకారము పసుపుతోఁ బీఁటయెక్కెను గాని దాని యడుగు కోసివేయఁబడియుండెను. అచ్చియ్యమ్మ యక్షతలు పోయఁగా నవి నిలువక పీఁటమీఁదికి జాఱిపోయెను. పెద్దలయందలి భక్తి పూజకుఁ జాలును. పనిముట్టుగుణము మాత్రము నోరువిప్పి చెప్పవలసినదే.

ఆనాఁటినుండి యా కొట్టున మౌనము లేదు. త్రాసు లేచినంతనే కూర్మన్న బిగ్గరగా మాటలాడును. “ఇదిగో, ఇంతే పోయవలెను. ఇంతకు మించిన నొక్క గింజయైనఁ గూడదు. తెలిసినదా తమ్ముఁడా?” యని యడిగి యెదుట సింహాద్రి కూర్చుండెడి ఖాళీపీఁటవంకఁ జూచి కొంతతడవు బదులునకై యాఁగును.