అమ్మ కూర్చున్న గడపలు

మా అమ్మ పోయి ఏడాది దాటినా ఆమె ఫోను నా దగ్గరే ఉంది. నెలనెలా రీచార్జి కూడా చేయిస్తాను. ఎందుకు చేయిస్తావని మా ఆయన అడిగితే చెప్పలేను. అది మోగిందంటే మాత్రం నాకు భయం. సుఖంగా ఉన్నవాళ్ళెవరూ మా అమ్మకు ఫోన్ చేయరు.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు మదనపల్లెలో మా ఇంట్లో మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. ఫోను మోగింది.

"రాజమ్మక్కా, నేను కుప్పం కాడ శాంతకుమారిని. మతికి ఉండానా?"

ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. మామూలుగా అయితే "అమ్మ పోయిందమ్మా, ఏడాదైంది" అని చెప్పి పెట్టేస్తాను. ఆమె నాకు సందివ్వలేదు.

"నిన్న బోరు పైపు కాడ గొడవైందక్కా. పక్క సేనోళ్ళు నా మొగుణ్ణి పారతో కొట్టినారు. తల పగిలి ఆస్పత్రిలో ఉండాడు. నా కొడుకు పవన్ రాత్రికి రాత్రి బెంగుళూరు నించి వచ్చినాడు. వచ్చినప్పట్నించి మచ్చుకత్తి నూరుతానే ఉండాడు. రాజమ్మక్క వస్తాంది, ఆమె వచ్చినాక నీ ఇష్టం అని ఒట్టు ఏయించుకున్నాను. మధ్యాన్నం ఒంటిగంట దాకా ఆగుతానన్నాడు. వస్తాండావు కదక్కా?"

అమ్మ లేదని చెబితే ఆ ఒట్టు అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ పిల్లవాడు కత్తి తీసుకుని బయటికి నడుస్తాడు. నాకు ఇంకేమీ తోచలేదు.

"అమ్మ వస్తాంది" అని పెట్టేశాను.

నేను పిరికిదాన్ని. మా అమ్మకు మేం తొమ్మండుగురం. అందులో పిరికిది ఎవరంటే చుట్టుపక్కల నాలుగూళ్ళూ అమరావతి అని నా పేరే చెబుతాయి. బల్లి పడితే మంచమెక్కే మనిషిని నేను. తగుదునమ్మా అని ఎవరి ఇంటికో పోయి కత్తికి అడ్డం నిలబడే మనిషిని కాను.

అయినా ఎనిమిదింటికి బస్సెక్కాను. ఎక్కకపోతే ఒంటిగంట అయ్యేదాకా గడియారం చూస్తూ చావాలి. అంతకన్నా ఏదైనా నయం అనిపించింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మను తలుచుకున్నాను. ధైర్యం కోసం తలుచుకుంటే భయమే ఎక్కువైంది. మా అమ్మను తలుచుకుంటే నాకు ఎప్పుడూ మొదట గుర్తొచ్చేది భయమే.

మాది పెద్దపంజాణి దగ్గర పల్లె. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పొలం గట్టు తగాదాలో మా పెద్దన్న గోవిందస్వామిని చంపేశారు. ఇరవై రెండేళ్ళవాడు. మట్టి చేసి వచ్చిన సాయంత్రమే మా నాయన, చిన్నాయన, రెండో అన్న వెంకటరమణ కొడవళ్ళు తీశారు. అమ్మ చంకలో తొమ్మిదోవాడు పాలు తాగుతున్నాడు. వాణ్ణి మా అక్క చేతికిచ్చి, పోయి గడపలో అడ్డంగా కూర్చుంది. వీపు ఒక దారబందానికి, పాదాలు రెండోదానికి. ఇంట్లోంచి బయటికి వేరే దారి లేదు.

గడప మీద కూర్చోకూడదని మమ్మల్ని రోజూ తిట్టేది ఆమే. కూర్చున్న మనిషిని దాటకూడదని కూడా మా వైపు పట్టింపు. పడుకున్న బిడ్డను పొరపాటున దాటినా వెనక్కి దాటించేదాకా ఊరుకోరు. అలాంటిది కొడుకును మట్టి చేసి వచ్చిన తల్లిని దాటి ఎవరు పోతారు? అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మూడు రోజులు అక్కడే ఉంది. నేను మూలన నక్కి, లోపలున్న కొడవళ్ళనూ గడపలో ఉన్న అమ్మనూ మార్చి మార్చి చూస్తూ ఉన్నాను. నాలుగోరోజు పోలీసులు వచ్చి అవతలివాళ్ళను తీసుకుపోయారు. మా ఇంట్లో రెండో శవం లేవలేదు.

ఆ మాట ఊళ్ళు దాటింది. గొడవైన ఇంటి ఆడవాళ్ళు అమ్మకు కబురు పెట్టడం మొదలుపెట్టారు. అమ్మ పోయేది, గడపలో కూర్చునేది. మాకు జ్వరాలొచ్చినా, అక్కకు పురుడొచ్చినా, ఆమె ఎవరి గడపలోనో ఉండేది. "తనకు మాలిన ధర్మం" అని మా నాయన చచ్చేదాకా సణిగాడు. తర్వాత ఆఫీసర్లు ఆమెను పుంగనూరు శాంతి కమిటీలో వేశారు, శాలువాలు కప్పారు, పేపర్లో ఫోటో వేశారు. మీటింగుల్లో కూడా అమ్మ నోరు విప్పేది కాదు. ఆమె పోయిన ప్రతిసారీ, ఈసారి ఎవడో దాటేస్తాడు, నరికేస్తాడు అని నేను దుప్పట్లో ముడుచుకునేదాన్ని. నా చిన్నతనమంతా అలాగే గడిచింది. దానికి అమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే.

పుంగనూరు బస్టాండులో వెంకటరమణన్న కిటికీ దగ్గరికి వచ్చాడు. పాల డెయిరీలో పనికి పోతూ, నా ఫోను విని ఆగాడు.

"దిగు" అన్నాడు.

"నువ్వూ రాన్నా, తోడుగా ఉంటావు."

"మొగోడు వస్తే ఇంగో కత్తి లేస్తాది. అందుకే అమ్మ ఎవుర్నీ తోడు తీసకపోయేది కాదు. నువ్వు పోయి ఏం జేస్తావే?"

"కూర్చుంటాను."

అన్న కిటికీ ఊచ పట్టుకున్నాడు. "నీకు తెలీదు, అమరా. ఆ రెండోదినం రాత్రి నేను కాలెత్తినాను. అమ్మను దాటను కాలెత్తినాను. ఆమె నా మొగం సూసింది. దించేసినాను. ఆమె నా యమ్మ కాబట్టి దించినాను. ఆ పిల్లోనికి నువ్వేమైతావు? యాల ఆగుతాడు నీకోసరం?"

డ్రైవరు హారన్ కొట్టాడు. అన్న "దిగవే" అన్నాడు మళ్ళీ. బస్సు కదిలింది.

కుప్పంలో దిగి, నిన్న బోరు పైపు గొడవ ఏ ఊళ్ళోనో కనుక్కుని ఆటో మాట్లాడుకున్నాను. ఊరు చేరేసరికి పన్నెండున్నర. చింతచెట్ల కింద నలుగురు నిలబడి ఉన్నారు, నన్ను చూసి మాటలు ఆపేశారు. శాంతకుమారి వాకిట్లోనే కాచుకుని ఉంది. నా వెనక ఎవరూ లేకపోవడం చూసి ఆమె మొహం తెల్లబోయింది.

"అక్క యాడమ్మా?"

"నేను ఆమె కూతుర్ని. ముందు నన్ను కూర్చోనీ."

ఆ ఇంటికి ఒకటే వాకిలి. గడపలో అడ్డంగా కూర్చుని వీపు ఆనించాను, పాదాలు ఎదుటి దారబందానికి తన్నిపెట్టాను. అప్పుడు లోపలికి చూశాను. ఇరవై మూడేళ్ళుంటాయేమో, పవన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడలో ఇంకా కంపెనీ ఐడీ కార్డు వేలాడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టెంకాయలు కొట్టే మచ్చుకత్తి తొడ మీద ఉంది. నూరిన అంచు తెల్లగా మెరుస్తోంది.

"రాజమ్మవ్వ ఏది?" అన్నాడు.

అబద్ధం ఇంకో అడుగు సాగదని తెలిసింది. "పోయిందప్పా. పోయిన ఏడే" అన్నాను.

అతను తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. కత్తి పట్టుకుని లేచి వచ్చాడు. "అయితే ఒట్టు లేదు. లేయ్ అక్కా."

ఏదో చెప్పాలి. మా పెద్దన్న గురించి చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. నా కళ్ళెదుట అతని మోకాలు, దాని పక్కన కత్తి. ఇంకేమీ కనబడలేదు.

"లేయ్ అంటాండా కదా."

అతను కుడికాలు ఎత్తాడు. పాదం అంచు నా మోచేతికి తగిలింది. ఇంతే, అమరావతీ, అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను. వాకిట్లో శాంతకుమారి గుక్కపట్టిన ఏడుపు వినబడింది. ఎంతసేపో తెలియదు. కళ్ళు తెరిచేసరికి కాలు కిందికి దిగి ఉంది.

"నువ్వెంతసేపు కూర్చుంటావో నేనూ సూస్తాను" అని అతను లోపల గోడకు ఆనుకుని, నాకు ఎదురుగా కింద కూర్చున్నాడు. కత్తి వదల్లేదు.

ఒంటిగంట అయింది. రెండైంది. చూపు నా మీంచి తియ్యడు. ఒకసారి లేచి రెండడుగులు వచ్చాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఇంకోసారి "మా నాయనకు పద్నాలుగు కుట్లు పడినాయి, తెలుసునా నీకు?" అన్నాడు. నాకు పెద్దన్న గుర్తొచ్చాడు. తల ఊపాను. అంతకన్నా చేయగలిగింది లేదు. చీమ ఒకటి నా మడమ మీద పాకుతుంటే దాన్ని దులపడానికి కూడా భయమేసింది.

మూడు గంటలప్పుడు అతని తల ఒకసారి పక్కకు వాలింది, ఉలిక్కిపడి లేచింది. రాత్రి ప్రయాణం, వచ్చినప్పటి నుంచీ నూరడం. మళ్ళీ వాలింది. ఈసారి లేవలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రలో పసిపిల్లవాడి మాదిరే ఉన్నాడు.

శాంతకుమారి వాకిట్లోంచి నన్ను చూసింది. ఆమె లోపలికి రావాలంటే నన్ను దాటాలి. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నా భుజాన్ని తాకి కళ్ళకద్దుకుని దాటింది. పిల్లవాడి ముందు మోకరించి, కత్తి పిడి మీద ఉన్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పసాగింది. చిటికెనవేలు. ఉంగరం వేలు. నడిమివేలు దగ్గర అతను ఏదో గొణిగాడు. ఆమె ఆగిపోయింది. ఆ కాసేపట్లో పడినంత భయం నా జన్మలో పడలేదు. అతను మళ్ళీ నిద్రలోకి జారాడు. కత్తి ఆమె చేతికి వచ్చింది. తీసుకుపోయి రాగుల డ్రమ్ములో అడుగుదాకా గుచ్చేసి మూత పెట్టింది.

అతను సాయంత్రం అయిదుదాకా నిద్రపోయాడు. లేచి ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. కత్తి ఏదని అడగలేదు. "నాయన్ను సూసొస్తాను" అన్నాడు. గొంతులో కోపం తగ్గి ఏడుపు వినబడుతోంది. వాళ్ళ మేనమామ బండి మీద వచ్చి ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు.

"పక్కకు జరగమ్మా, వాడు పోతాడు" అంది శాంతకుమారి.

జరుగుదామనుకున్నాను. నా కాళ్ళు కదల్లేదు. తిమ్మిరి కాదు, స్పర్శ బాగానే తెలుస్తోంది. లేవమని నేను చెబుతున్నాను, అవి వినడం లేదు. బస్సు దిగినప్పటి నుంచీ పారిపోదామనే చూస్తున్నాను. మధ్యాహ్నం అతను కాలెత్తినప్పుడే లేచి పరుగెత్తి ఉండేదాన్ని, లేవగలిగితే. వాళ్ళంతా దాన్ని ధైర్యమనుకున్నారు. వాకిట్లో ఒక ముసలామె నాకు దండం కూడా పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"లేయలేకుండా ఉండాను" అన్నాను శాంతకుమారికి మాత్రం వినబడేట్టు.

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. నా రెండు చంకల కిందా చేతులు వేసి, పక్కింటి ఆమెను ఇంకోవైపు పట్టమంది. "మీ యమ్మకూ ఇంతే కదా" అంది. "పదేండ్ల కింద నా మొగుణ్ణి ఆపను వచ్చినప్పుడు గూడా ఇట్లే ఇద్దరం పట్టి లేపినాము. యా ఇంటికి పోయినా అంతేనంట. లేసినాక గూడా గడియసేపు గోడ పట్టుకోనే నిలబడుకోనుండె. పాపం, మోకాళ్ళ నొప్పులంట."

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పోయే ముందురోజు కూడా బిందె నెత్తిన పెట్టుకుని నీళ్ళు మోసింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు ఎప్పుడూ లేవు.