బొగ్గుబస్సులో మణెమ్మ

ముందు వాసన వచ్చిద్ది.

కాలిన తుమ్మబొగ్గు వాసన... మలుపు అవతల్నుంచి గాలి మోసుకొచ్చిద్ది. ఆ తర్వాత చప్పుడు – ఉబ్బసం మనిషి మెట్లెక్కతన్నట్టు. ఆ తర్వాత దుమ్ము. అన్నింటికీ ఆఖర్న బస్సు.

చీమలమిట్ట మీద మేం కూర్చుని ఉంటాం.

ప్రతి ఆదివారం. గుడిలో ప్రార్థన విడిచాక. తెల్లకోకలు మార్చకుండానే. ఒళ్ళో వేయించిన వేరుసెనక్కాయలు, పక్కన పిల్లలు, నెత్తిన ఎండ. ఈపూరు మీదుగా వినుకొండ పోయే బస్సు ఈ మిట్ట ఎక్కుద్దా, ఎక్కదా – అది చూడ్డానికి పోతాం. చుట్టుపక్కల ఊళ్ళోళ్ళు కూడా వస్తారు. కొందరైతే బండ్లు కట్టుకుని మరీ వస్తారు. ఖాతూన్ బీ బొరుగుల గంపతో వచ్చి కూర్చుంటది. బస్సు దానంతటది ఎక్కిన రోజున నా బేరం మూతపడ్డట్టే అంటది. పట్నమోళ్ళకి సినిమా ఉందంట. మాకు మిట్ట ఉంది.

ఎక్కదు.

ఎప్పుడూ ఎక్కదు.

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు. బస్సు వెనక ఇనపడ్రమ్ము బిగించారు. అందులో బొగ్గు మండిస్తారు, ఆ పొగతో బస్సు నడిచిద్ది. చదునులో బాగానే నడిచిద్ది. మిట్ట సగానికి వచ్చేసరికి మొరాయించిద్ది. క్లీనరు దూకి చక్రం కింద రాయి పెడతాడు. డ్రైవరు తల బయటపెట్టి అరుస్తాడు – దిగండి, దిగి నెట్టండి! వెనక బల్లల వాళ్ళంతా దిగుతారు. ముందు సీటు వాళ్ళు దిగరు.

మేమూ లేస్తాం. ఎవరూ పిలవక్కర్లా. కాయలు కొంగున ముడేసుకుని, మిట్ట దిగి, బస్సు మీద చేతులేస్తాం.

మా ఆయన కోటయ్య అందరికంటే ముందుంటాడు. ఓ... ఐలెస్సా అని ఆయన గొంతెత్తితేనే మా చేతుల్లోకి బలం వచ్చిద్ది. కోటయ్య చెయ్యి పడందే బస్సు కదలదని ఒకసారి డ్రైవరే అన్నాడు. ఆ మాట తలుచుకుని వారమంతా మురిసిపోతాడు. ఇంట్లో దూలం ఒరిగిందయ్యా అంటే మాత్రం, రేపు చూద్దాంలే అంటాడు.

సరే, మురవనీ.

నా సంగతి వేరు.

ఒక ఆదివారం... నేను నెడతన్నా. డ్రమ్ము తగిలి అరచెయ్యి చుర్రుమంది. తలెత్తి చూశా. ఖాళీ బల్లల మధ్యగా ముందు సీటు కనపడింది. చెన్నకేశవరావు గారు. మా పల్లెంతా మిరపకోతకి పోయేది ఆయన చేలోకే. బత్తాయి ఒలుచుకుంటన్నాడు. తొక్క కిటికీలోంచి పడేశాడు. ఒక్కో తొనా నోట్లో వేసుకుంటన్నాడు, తీరిగ్గా. వెనక ఇంతమందిమి రొప్పుతన్నాం – ఒక్కసారి తిరిగి చూడలా. ఎద్దు పుండు కాకికి నొప్పా?

కోపం వచ్చింది. చానా కోపం వచ్చింది.

ఆ కోపం వెనకాలే ఇంకోటి వచ్చింది. ఆశ.

ఈ మిట్టని నేను కూర్చుని దాటాలి.

కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒక్కసారి. అంతే, ఇంకేం వద్దు.

ఆ ఆశ మొండిది. మిరపచేలో వంగితే నాతో వంగింది. పొయ్యి ముందు కూర్చుంటే నాతో కూర్చుంది. వద్దు పో అంటే పోలా. మంచిదే, నేనూ మొండిదాన్నే.

కోడిపెట్టని అమ్మేశా. టిక్కెట్టుకి సరిపోద్ది. ఆ పొద్దు కూడు తినేటప్పుడు మా ఆయనతో చెప్పా – వచ్చే ఆదివారం బస్సెక్కుతన్నా.

"ఎక్కడికే?"

"వినుకొండకి."

"వినుకొండలో ఏం పని?"

"ఏం పని లేదు. ఊరకే."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది ఆయనకి.

ఊరకే!

మా పల్లెలో ఊరకే బస్సెక్కినోళ్ళు లేరు. కోర్టుకి ఎక్కుతారు. పెళ్ళికి ఎక్కుతారు, చావుకి ఎక్కుతారు. ఆసుపత్రికి ఎక్కుతారు... ఎక్కువగా ఆసుపత్రికే. నాకు కోర్టు లేదు. వినుకొండలో చుట్టాలు లేరు. ఇంక మిగిలిందేంది?

పక్కింటి పాపమ్మ వదిన నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి పల్లెంతా అదే మాట – మణెమ్మకి ఏదో పెద్ద రోగమంట, మొగుడికి కూడా చెప్పకుండా దాచుకుంటందంట.

నాకేం రోగం లేదన్నా. పాపం, పైకి చెప్పుకోలేకపోతందన్నారు. గుండ్రాయిలా ఉన్నానన్నా. ఇట్టాంటియ్యి పైకి కనపడవన్నారు. కోప్పడ్డా. రోగం ముదిరితే కోపం ఎక్కువన్నారు. పోనీలే అని నవ్వా... నేను నవ్వితే వాళ్ళు ఏడ్చారు.

ఇదెక్కడి గోలరా దేవుడా!

ఒకామె నిమ్మకాయలు తెచ్చింది. ఒకామె గుడ్లు తెచ్చింది – నేనమ్మిన పెట్ట పెట్టిన గుడ్లే. చేలో నా సాలు కూడా వాళ్ళే కోసి, నువ్వు గట్టున కూర్చో తల్లీ అన్నారు. కూర్చోలా. కూర్చుంటే వాళ్ళ మాట నిజమైపోద్ది.

మా ఆయన మాత్రం ఏం అడగలా.

నీళ్ళు ఆయనే తోడాడు. కట్టెలు ఆయనే కొట్టాడు. ఒరిగిన దూలం నిలబెట్టాడు! కూరలో ముక్కలన్నీ ఏరి నా కంచంలో వేశాడు. నేను దగ్గితే ఆయన లేచి కూర్చున్నాడు. వాళ్ళమ్మ కూడా "నాకేం లేదురా" అంటానే పోయింది. అందుకని నేను నాకేం లేదన్న కొద్దీ ఆయన మొహం ఇంత చిన్నదైపోయేది. చెబితే నమ్మడు. చెప్పకపోతే నిద్రపోడు.

మానుకుందామా అనుకున్నా.

మానుకోలా.

ఆదివారం వచ్చింది. గుడిలో బోధకుడు కృపావరం గారు మోకాళ్ళూనారు. వినుకొండ ఆసుపత్రికి పోతన్న మా సహోదరి మణెమ్మను స్వస్థపరచు తండ్రీ – అని గొంతు పూడుకుపోయేదాకా ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నా. అనకపోతే ఎట్టా?

అడ్డరోడ్డు దగ్గర బస్సెక్కా.

వెనక బల్ల, కిటికీ పక్కన. మా వాళ్ళు అప్పటికే మిట్ట మీదికి పోయారు, నన్ను సాగనంపడానికి. ముందు సీట్లో చెన్నకేశవరావు గారు. తెల్లపంచె, ఒళ్ళో బత్తాయిల సంచి. నేను ఎక్కడం ఆయన చూడలా. చూడాల్సిన పనేముంది ఆయనకి?

బస్సు కదిలింది.

తుమ్మచెట్లు వెనక్కి పోయినయ్. నాపరాళ్ళ గోడలు వెనక్కి పోయినయ్. మిరపచేను – రోజంతా వంగి కోసినా తరగని చేను, నా నడుము తినేసిన చేను – ఊపిరి తిప్పుకునే లోపల వెనక్కి పోయింది. ఓహో, ఇంతేనా ఇది! నాలో నేనే నవ్వుకున్నా. గాలి మొహాన కొడతంది. బల్ల ఎగరేస్తంది. ప్రతి ఎగుడూ, ప్రతి దిగుడూ నాదే... హాయిగా ఉంది. ఏం దాచుకోను, చానా హాయిగా ఉంది.

మిట్ట వచ్చింది.

బస్సు మూలిగింది. దగ్గింది. సగానికి వచ్చి... ఆగింది.

"దిగండి, దిగండి! దిగి నెట్టండి!"

దిగారు. బల్లలన్నీ ఖాళీ అయినయ్. ముందు చెన్నకేశవరావు గారు. వెనక నేను. మధ్యలో ఎవరూ లేరు.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఏవమ్మా, నీకు వినపడలా?"

"వినపడింది."

"మరి దిగు."

"దిగను."

పాపమ్మ వదిన పరిగెత్తుకొచ్చి కిటికీ పట్టుకుంది. "ఒంట్లో బాగోలేని మనిషయ్యా! ఆసుపత్రికి పోతంది! కూర్చోనియ్యి నాయనా, నీకు పుణ్యముంటది!" వెనకున్న మా వాళ్ళంతా అవునవునన్నారు. డ్రైవరు మెత్తబడ్డాడు. చెన్నకేశవరావు గారు కూడా తల తిప్పి చూశాడు.

"పాపం... కూర్చోనీలేవోయ్."

ఆ 'పాపం' ముల్లులా దిగింది నాకు.

నోరు మూసుకుంటే చాలు. ఇంకేం చెయ్యక్కర్లా. కాస్త మూలిగితే ఇంకా మంచిది. కూర్చునే దాటొచ్చు మిట్ట – రోగిష్టిదానిలా, జాలి మీద.

నేను ఆశపడింది ఇది కాదే!

రోగమొస్తేనే కూర్చోవాలా మేము? కాళ్ళూ చేతులూ ఆడినంతకాలం నెడతానే ఉండాలా? ఇదెక్కడి న్యాయం?

"నాకేం రోగం లేదు," అన్నా. అందరికీ వినపడేట్టు అన్నా. "టిక్కెట్టు కొనుక్కుని ఎక్కా. ఊరకే ఎక్కా. కూర్చుంటా."

డ్రమ్ములో బొగ్గు చిటపటలాడతంది.

చెన్నకేశవరావు గారు ఈసారి పూర్తిగా ఇటు తిరిగాడు. "ఏమే మణెమ్మా! ఏం రోగం లేనిదానివి, దిగి నెట్టడానికేం?"

ఆయన ముందు ఎన్నడూ తలెత్తి మాట్లాడిందాన్ని కాదు. రెండు చేతులతో బల్ల పట్టుకున్నా.

"మీకూ ఏం రోగం లేదుగా బాబూ. మీరూ కూర్చునే ఉన్నారుగా."

ఓరి నాయనో... అనేశా!

ఆయన మొహం కందగడ్డయింది. అరవలా. అరిచినా బాగుండేది. "రేపట్నుంచి మా చేలోకి రామాక," అన్నాడు, నిమ్మళంగా.

కోతల రోజుల్లో పని పోవడమంటే ఏందో ఎవరికీ చెప్పక్కర్లా. బస్సు మీదున్న చేతులన్నీ జారిపోయినయ్. నెడితే నన్ను కూర్చోబెట్టి నెట్టినట్టు – రేపు వాళ్ళకీ పని ఉండదు. నెట్టకపోతే ఆయన్ని దారిలో వదిలేసినట్టు – అప్పుడూ ఉండదు. ఎటు చూసినా గొయ్యే.

అప్పుడు మా ఆయన కదిలాడు.

డ్రమ్ము పక్కనుంచి తిరిగి కిటికీ దగ్గరికొచ్చాడు. మొహమంతా మసి. చెయ్యి పట్టి దింపుతాడనుకున్నా. దిగేదాన్ని కాదు. మొగుడైతే ఏంది, దిగేదాన్ని కాదు.

"ఏమే..." అన్నాడు. "నిజంగా ఏం లేదా?"

"వారం నుంచీ అదేగా మొత్తుకుంటంది!"

నా వంక చూశాడు. ముందు సీటు వంక చూశాడు. మళ్ళీ నా వంక.

"రోగమే ఉంటే... ఇప్పుడు చెప్పుకునేదానివి. పనన్నా దక్కేది." తనలో తనే అనుకుంటన్నాడు. "చెప్పుకోలా. అంటే లేనట్టే... లేనట్టేగా!"

మసి మొహం మీద నీళ్ళు కారినయ్. తుడుచుకోలా. రేపటి పని పోయిందన్న మాట ఆయన చెవికెక్కిందో లేదో, అది కూడా నాకు తెలవదు. వెనక్కి తిరిగి మిట్టంతా దద్దరిల్లేట్టు అరిచాడు –

"ఒరేయ్! ఏం లేదంటరా! మా మణికి ఏ రోగమూ లేదంటరా!"

పాపమ్మ వదిన ఒక్క కేక పెట్టింది. స్తోత్రం అని ఎవరో అన్నారు. కృపావరం గారు రెండు చేతులూ ఆకాశానికెత్తారు. ప్రార్థన ఇంత తొందరగా ఫలించిందని అనుకున్నట్టున్నారు. అనుకోనీ.

ఓ... ఐలెస్సా!

ఆ గొంతు ఎన్నో ఆదివారాలు విన్నా. అట్టా ఎప్పుడూ వినలా. చేతులన్నీ తిరిగొచ్చినయ్. కృపావరం గారు అంగీ చేతులు మడిచారు. ఖాతూన్ బీ గంప దించింది. నేను బతికే ఉంటానని తెలిసిన సంతోషం అది... ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టాలో తెలవక బస్సు మీద పెట్టారు. ఆ ఊపులో చెన్నకేశవరావు గారు కూడా మిట్టెక్కాడు.

నా కింద బల్ల కదిలింది. ఆ తోపు మా ఆయనది. ఇన్నేళ్ళు కాపురం చేసిందాన్ని, ఆ భుజం నాకు తెలవదా? కూర్చుని దాటాలనుకున్నానే గానీ, దాటించేది ఎవరో అనుకోలా. ఏడుపొచ్చింది. ఏడ్చా. దిగలా.

పాపమ్మ వదిన పక్కనే పరిగెత్తతంది, కొప్పూడిపోయి. "వచ్చే ఆదివారం నేనెక్కుతానే! ఊరకే!"

"ఎక్కు వదినా! నేను నెడతా!"

మిట్ట పైకొచ్చింది బస్సు. దిగినోళ్ళు ఎక్కడానికి ఆగింది.

అక్కణ్ణుంచి వెనక్కి చూస్తే చేను మొత్తం కనపడుద్ది. అంతెత్తు మీద కూర్చుని నేను ఎన్నడూ చూడలా. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఎర్రగా ఉంది. కాయ బాగా పండింది. ఇంకో వారం ఆగితే రాలిపోద్ది. కోసేవాళ్ళంతా బస్సు చుట్టూ నిలబడి రొప్పుతన్నారు, నవ్వుతన్నారు. చేలో ఒక్క మనిషి లేదు.

నేను చూశా.

ముందు సీట్లో మనిషి కూడా మెడ తిప్పి చూశాడు. చేనుని చూశాడు, మా వాళ్ళని చూశాడు, నన్ను చూశాడు. రామాకన్న మాట మళ్ళీ అనలా.

నేను కిటికీ పక్కకి ఇంకాస్త జరిగి, సర్దుకుని కూర్చున్నా.