మూత మీది సొట్ట

"ఏసుదానం, ఆ సుత్తి కింద పెట్టు."

నేను అరవలేదు. జీవితమంతా బడిలో పాఠం చెప్పిన గొంతుకు అరవవలసిన అవసరం ఉండదు. బోధన్ రోడ్డు మీది రేకుల షెడ్డులో, చెరకు కంట్రాక్టరు బాపురావు కారు ముందు వంగి ఉన్న నా పాత శిష్యుడు ఉలిక్కిపడి లేచాడు.

"టీచరమ్మా! మీరు గీడికెందుకొచ్చిండ్రు? గీ నూనెల, గీ మసిల..."

"ఆసుపత్రి నుంచి వస్తున్నాను. సాయన్న కాలు తీసేశారు."

అతడు సుత్తి కింద పెట్టి, మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

సాయన్న మా బడి ఊడ్చే ముత్తవ్వ కొడుకు. మొన్న పొద్దుగూకే వేళ, ఫ్యాక్టరీలో చెరకు దించి ఖాళీ ఎడ్లబండితో తిరిగి వస్తుండగా బాపురావు కారు ఎదురొచ్చి గుద్దింది. ఒక ఎద్దు అక్కడే ప్రాణం విడిచింది. స్పృహ రాగానే సాయన్న తల్లితో అన్న మాట ఇది: "ఒక్కటే లైటు కనవడ్డదే అవ్వా. ఫట్‌ఫటి అనుకొని జరంత పక్కకు జరిగిన." మోటారుసైకిలుకు చాలినంత దారి ఇచ్చాడు. వచ్చింది కారు. బాపురావు మాత్రం తన దీపాలు రెండూ వెలుగుతున్నాయనీ, బండివాడే నిద్రపోయి అడ్డం వచ్చాడనీ పోలీసులకు చెప్పాడు. ఆ అబద్ధం నిలిస్తే కాలు పోయినవాడే నేరస్థుడవుతాడు.

బొంబాయి వేలంలో కొన్న ఆ పాత అమెరికా కారుకు దీపాలు పగలు కనిపించవు. ముందుభాగంలో ఇనుప మూతల కింద దాగి ఉంటాయి. మీట నొక్కితే లోపలి మోటార్లు మూతలు తెరిచి వాటిని పైకి లేపుతాయి.

"దీపాల మోటార్లలో ఏది, ఎప్పుడు చెడిపోయింది?"

"కుడి దిక్కుది, దసరాకు ముందుగాలనే అమ్మా. లోపల గేరు పండ్లు అరిగినయి. మోటరు ఉత్తగ తిరుగుతది, లైటు లేవది. బొంబాయికెల్లి కొత్త గేరు వచ్చేదాక, చేత్తోని చక్రం తిప్పి లైటు లేపి, పగలు గూడ గట్లనే ఉంచుండ్రి అన్న. ఆయనేమో, పట్టపగలు ఒక్క కన్ను తెరుసుకొని తిరిగితే పోరగాండ్లు నవ్వుతున్నరని దించేసిండు."

"ఇప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"గేరు నిన్ననే వచ్చింది. అదేసిన. ఇగ సొట్ట తీసి, బండి తనిఖీకి బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి..."

"వాక్యం పూర్తి చేయి."

"షెడ్డు జాగ ఆయనది టీచరమ్మా! ఎల్లగొడితే యాడికి పోవాలె?"

నాకు జాలి కలగలేదు. "గేరు బొంబాయి నుంచి తెప్పించావు. సాయన్న కాలు ఎక్కడి నుంచి తెప్పిస్తావు?"

అప్పుడే బాపురావు లోపలికి వచ్చాడు. చొక్కా మడత నలగలేదు. "ఏం టీచరమ్మా, పింఛను సాలక మోటర్ల పని నేర్సుకుంటున్నరా?" అని నవ్వి, ఏసుదానం వైపు తిరిగాడు. "స్విచ్చెయ్యిరా."

మోటార్లు గుర్రుమన్నాయి. రెండు మూతలూ తెరుచుకుని రెండు దీపాలూ లేచి వెలిగాయి.

"సూడుండ్రి. రెండు కండ్లు సల్లంగున్నయి. ఇన్‌స్పెక్టరు సారు గూడ గిదే సూస్తడు."

నేను వంగి చూశాను. కుడి మూత మీద అరచేయంత సొట్ట ఉంది. దాని అంచున ఎర్రని ఎద్దు వెంట్రుకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. పైకి లేచిన దీపం అద్దం మీద గీత కూడా లేదు.

"బాపురావుగారూ, దీపం ఆ రోజు లేచి ఉంటే ముందు పగలవలసింది అద్దం. దెబ్బ మూతకు తగిలింది. మూత మూసి ఉన్నప్పుడే తగిలింది."

అతడు అద్దాన్ని చూశాడు. సిగ్గుపడతాడనుకున్నాను.

"అద్దం పలగ్గొట్టురా," అన్నాడు ఏసుదానంతో, చాయ్ తెమ్మన్నంత తేలికగా.

నేను వేడెక్కిన ఆ అద్దం మీద అరచేయి ఆనించి నిలబడ్డాను.

"కొట్టు ఏసుదానం. నేను చేయి తీయను."

"ముసల్దాన్ని పక్కకు గుంజుర!"

ఏసుదానం సుత్తి అందుకున్నాడు. నా చేతిని చూశాడు, బాపురావును చూశాడు. తరువాత సుత్తిని పనిముట్ల డబ్బాలోకి విసిరాడు. ఆ చప్పుడుకు బాపురావు ఒక అడుగు వెనక్కు వేశాడు.

"మీకేంది టీచరమ్మా, మీరు ఇంటికి పోతరు!" అని నా మీద విరుచుకుపడ్డాడు ఏసుదానం. తిడుతూనే మీట నొక్కి దీపాలు దించాడు. తిడుతూనే బానెట్ కింద దూరి కొత్త గేరు విప్పి, అరిగిన పాతదానిని తిరిగి బిగించాడు.

"సేటూ, బండి మీరు తెచ్చినప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నది. సారు అడిగితే ఉన్నదే చెప్త. షెడ్డు కాలీ చేస్త, గింత సామాన్లు సదురుకోనియ్యుండ్రి."

నేను అతనికి కృతజ్ఞతలు చెప్పలేదు. చేయవలసిన పని చేసినవాడిని పొగడడం నాకు అలవాటు లేదు. ఒక స్టూలు లాక్కుని ఆ సొట్ట ఎదుట కూర్చున్నాను. బాపురావు బతిమాలాడు, బెదిరించాడు, మా పాదిరిగారికి చెబుతానన్నాడు. చెప్పమన్నాను.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి తానే మీట నొక్కాడు. ఎడమ దీపం లేచింది. కుడివైపు మోటారు గుర్రుమంటూ ఉత్తగా తిరిగింది, మూత కదలలేదు. అతడు వంగి, సొట్ట అంచున ఉన్న వెంట్రుకను రెండు వేళ్లతో తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఏసుదానాన్ని అడిగాడు. ఏసుదానం చెప్పాడు.

"ఇది మూసి ఉండంగనే తగిలింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బాపురావు ఏదో అనబోయాడు. నేను స్టూలు మీద నుంచి లేచాను.

"ఆ మాట రాయండి," అన్నాను. "మీరు రాసి సంతకం పెట్టేవరకు నేను ఇక్కడే ఉంటాను."