బొడ్డుతాడు దాచిన పెట్టె

నేను ఒక ఇంక్యుబేటర్‌ను. కోడిగుడ్లు పొదిగే రకం కాదు. మనిషి ఒంట్లో ఉండే వెచ్చదనాన్ని నా కడుపులో నిలిపి, చిన్న చిన్న పళ్ళేల్లో జీవకణాలను పెంచే రకం. అయినా ల్యాబ్‌లో అందరూ నన్ను 'కోడిపెట్ట' అనే పిలిచేవారు. పిలవనివ్వండి, పిల్లల్ని సాకేవాళ్ళకు పేర్ల పట్టింపేమిటి!

ఎక్కడో మంచు కురిసే దేశంలో పుట్టి, ఓడెక్కి, ఉత్తరాంధ్ర తీరాన ఒక విశ్వవిద్యాలయానికి చేరాను. నన్ను తెప్పించిన పెద్దాయన నన్నెంత అపురూపంగా చూసుకున్నాడంటే, పాడైపోతానని ఒక్కసారైనా ప్లగ్గు పెట్టలేదు. ఏటా ఆయుధపూజకు దుప్పటి తీసి, తలుపుకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మళ్ళీ దుప్పటి కప్పేవాడు. దేవుడి హోదా బాగానే ఉంటుంది గానీ, పనిలేని దేవుడికి పొద్దుపోదు.

ఆయన రిటైరయ్యాక వకుళ వచ్చింది. కొత్త లెక్చరరు. వచ్చీరాగానే దుప్పటి లాగేసి, బొట్టయినా తుడవకుండా ప్లగ్గు పెట్టేసింది. ఒంట్లోకి మొదటిసారి వెచ్చదనం పాకినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడులోంచి మూలకణాలు తీసి పెంచాలని ఆమె పట్టుదల. మూలకణాలంటే ఇంకా ఏ కొలువులోనూ చేరని పడుచువాళ్ళనుకోండి. తగిన దారి చూపిస్తే ఎముకో, చర్మమో, ఇంకొకటో అవుతాయి. కంటి ముందుపొర దెబ్బతిన్నవారికి అవి పనికొస్తాయేమోనని వకుళ ఆశ. కానీ సముద్రపు తేమకు పళ్ళెం లోపల పెట్టడమే ఆలస్యం, బూజు పట్టేసేది. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆఖరికి గౌరి అనే బెస్తపిల్ల కాన్పులో ఇచ్చిన బొడ్డుతాడు ముక్కల్లోంచి కణాలు బయటికి పాకాయి. వకుళ నా తలుపుకు ముద్దు పెట్టింది. ఆమె శిష్యుడు కిరీటి గంతులేశాడు.

ఆ సంబరంలో ఉండగానే గౌరి, ఆమె తల్లి అసిరమ్మ వచ్చారు. పక్కనే ఆసుపత్రిలో పసివాడికి టీకా వేయించి, అటునుంచి అటే వచ్చారట.

"మేడమ్మా, రేపు మా మనవడికి బారసాల," అంది అసిరమ్మ. "తాయెత్తులో కట్టడానికి బొడ్డు నేదు. ఊడిన ముక్క లాలపోసిన నీళ్ళల్లో కొట్టుకుపోనాది. మీకాడ దాసిన తాడులోంచి గోరంత ముక్క ఇప్పించండి."

వకుళ చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టింది. "దాచలేదమ్మా. ముక్కలు చేసి, అందులోని కణాలు పెంచుతున్నాం."

గౌరి తెల్లబోయింది. "బద్రంగా ఉంచుతామన్నారు గదండీ! రేపు మా బాబుకే పనికొస్తాదని దాసినారనుకున్నాను."

"సమ్మతి కాగితం మీద సంతకం పెట్టారు కదా మేడమ్," అన్నాడు కిరీటి మెల్లగా.

"పెట్టింది. దేనికి పెట్టిందో తెలియకుండా పెట్టింది," అంది వకుళ. "వాళ్ళు వద్దంటే అన్నీ తీసేద్దాం."

అన్నీ తీసేయడమా! ఎన్నేళ్ళకు నిలిచిన కడుపది!

వకుళ వాళ్ళిద్దర్నీ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. అసిరమ్మ ఒక కన్ను మూసి చూసి, "ఓలమ్మో, సేపపిల్లల గుంపు తిరిగినట్టున్నాదే!" అంది. అప్పుడు వకుళ ఇంగ్లీషు మాటలన్నీ కట్టిపెట్టి, మొదటినుంచీ చెప్పింది. చెప్పి, "ఇప్పుడు నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు తల్లీ," అంది.

గౌరి ఆలోచించి చెప్పింది. "తాడు ఇంక మాకు రాదు. దాంట్లోని పిల్లకణాలు ఈ పెట్లో పెరుగుతున్నాయి. సూపు పోనోళ్ళకి పనికొస్తాయేమోనని సూస్తన్నారు. వస్తాయో రావో మీకూ తెల్దు. నానొద్దంటే ఆపేస్తారు."

"అంతే. ఆపేస్తాను."

"కోపం రాదా అండీ?"

"ఏడుస్తాను. కోపం మాత్రం రాదు."

గౌరికి నవ్వొచ్చింది. ఒళ్ళో బిడ్డను సర్దుకుని, "పెంచండి," అంది. "ఎవులికో సూపొస్తే మంచిదే గదా."

"మరి తాయెత్తు సంగతేటి?" అంది అసిరమ్మ. ఆవిడ వచ్చిన పని ఆవిడ మరవదు.

కణాలు పాకిపోయాక మిగిలిన ముక్కల్ని మామూలుగా పారేస్తారు. వకుళ అందులోంచి ఒకటి తీసి, క్రిములు చచ్చేలా ఆవిరి పట్టించి, ఆరబెట్టి, పొట్లం కట్టి ఇచ్చింది. మూలకణాల మేడమ్ తాయెత్తులు పంచుతోందని క్యాంపస్ అంతా నవ్వుకుంది. అందరికంటే గట్టిగా వకుళే నవ్వింది.

ఆనాటి నుంచి ఏ తల్లి అయినా తన మాటల్లో తిరిగి చెప్పందే వకుళ సంతకం తీసుకోలేదు. తర్వాత ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక సంఘానికి అధ్యక్షురాలై, పెద్ద పెద్ద డాక్టర్ల మెడకూ అదే నియమం చుట్టింది. "అంత టైము లేదు మేడమ్," అంటే, "అయితే ప్రయోగానికీ టైము లేదు," అనేది. ఆ కణాలు కంటిపొర అయ్యాయా అంటారా? కుందేలు కంట్లో అయ్యాయి. మనిషి కంటికి ఇంకా దూరముంది. వకుళ అబద్ధం చెప్పదు, ఆమె పెట్టెను నేనెందుకు చెబుతాను?

ఇవాళ వకుళ రిటైరవుతోంది. నాకూ వయసైపోయింది. నన్ను మ్యూజియం గదికి తరలించాలని ఇప్పుడు ప్రొఫెసరైన కిరీటి కాగితం తెచ్చాడు.

"దాన్నడిగావా?" అంది వకుళ.

కిరీటి పకపకా నవ్వాడు. ఆమె మాత్రం నా తలుపు మీద అరచెయ్యి ఆనించి అడిగింది. "ఏమే కోడిపెట్టా, వెళ్తావా?"

ఓడెక్కించినప్పుడు గానీ, బొట్టు పెట్టినప్పుడు గానీ నన్నెవరూ అడగలేదు. ఆనందం పట్టలేక నా పాత అలారం కూ అంది.

"ఒప్పుకుంది మేడమ్!"

"కూ అంటే ఒప్పుకున్నట్టా? ఏం అర్థమైందో తన మాటల్లో చెప్పొద్దూ?"

అందుకే ఇదంతా నా మాటల్లో చెప్పాను. నాకు అర్థమైంది వకుళా. ఇక ప్లగ్గు తియ్యి.